ఊరికి వెళ్లే దారిలోనే నాన్న మాట్లాడేవాడు

సంక్రాంతి వారం కదా, ఫోన్ తీస్తే చాలు పంతంగి టోల్‌గేటే కనపడుతోంది. పైనుంచి డ్రోన్‌తో తీసిన వీడియో, కింద చీమల బారులా కార్లు, వెనక ఏదో పండగ పాట. మీలో కొంతమంది ఆ బారులో కూర్చునే ఇది చూస్తున్నారని నాకు తెలుసు. డ్రైవ్ చేసేవాళ్లు మాత్రం చూడకండి, వినండి చాలు.

ఈ ఎపిసోడ్‌లో ఊరికి వెళ్లే దారి గురించి మాట్లాడతాను. ఊరి గురించి కాదు. ఊరి గురించి అందరూ చెప్తారు. ముగ్గులు, గొబ్బెమ్మలు, అరిసెలు, అమ్మమ్మ. దారిని మాత్రం ఎలాగోలా దాటేయాల్సిన టైంలాగే చూస్తారు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పడుకుంటే అయిపోతుంది. మా ఇంట్లో అలా కుదిరేది కాదు. ఎందుకంటే మా నాన్న నోరు విప్పేదే ఆ దారిలో.

మా ఊరు శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర. ఆ ప్రాంతాన్ని ఉద్దానం అంటారు. ఉద్యానవనం అన్న మాటే అలా మారిందని పెద్దవాళ్లు చెప్తారు. కొబ్బరి, జీడి, పనస, ఎర్రమట్టి, ఇసక, కాస్త దూరంలో సముద్రం. హైదరాబాద్‌లో మేం ఉండే కూకట్‌పల్లి నుంచి అక్కడికి 800 కిలోమీటర్లు దాటుతుంది. నాన్న 1996లో హైదరాబాద్ వచ్చాడు. బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీ వాళ్ల వ్యాన్ నడిపేవాడు. పొద్దున్న స్టాఫ్‌ని దించడం, రాత్రి ఎక్కించుకోవడం. ఇంటికొచ్చాక ఆయన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. "అన్నం పెట్టు." "లైటు ఆపు." "ఫీజు ఎప్పుడు కట్టాలి?" అంతే. చిన్నప్పుడు నేను, తమ్ముడు ఆయనకి మా మీద కోపం అనుకునేవాళ్లం.

2003లో నాన్న సెకండ్ హ్యాండ్ మారుతీ ఓమ్నీ కొన్నాడు. ఈ తరం వాళ్లకి ఓమ్నీ అంటే సినిమాల్లో కిడ్నాప్‌లకి వాడే బండి. మాకు అది ఊరికి తీసుకెళ్లే బండి. దాని ఇంజిన్ ముందు సీట్ల కింద ఉండేది. అంటే డ్రైవర్, పక్కన కూర్చున్నవాళ్లు పొయ్యి మీద కూర్చున్నట్టే. సూర్యాపేట దాటేసరికి సీటు కాలిపోయేది. అయినా ఆ ముందు సీటు కోసం నేను, తమ్ముడు కొట్టుకునేవాళ్లం. మాతోపాటు మా పక్క ఊరి నుంచి వచ్చి మూసాపేటలో ఉండే ఇంకో కుటుంబం. మొత్తం తొమ్మిది మందిమి, ఒక గ్యాస్ స్టవ్, బియ్యం బస్తా, హైదరాబాద్‌లో కొన్న బట్టల మూటలు. పెట్రోల్ ఖర్చు చెరి సగం.

తెల్లవారుజామున మూడింటికి బయలుదేరేవాళ్లం. అమ్మ ముందురోజే చింతపండు పులిహోర కలిపేది, రెండో రోజు వరకూ పాడవదని. ఒక స్టీలు క్యారియర్ నిండా పూరీలు. నాకు వాంతులు అవుతాయని నిమ్మకాయ, ప్లాస్టిక్ కవర్ల కట్ట. ఈ కవర్ల కట్ట మీలో ఎంతమందికి తెలుసో నాకు తెలీదు. తెలిసినవాళ్లు ఇప్పుడు నవ్వుతూ ఉంటారు.

అప్పట్లో విజయవాడ రోడ్డు పేరు ఎన్.హెచ్. 9. అక్కడి నుంచి పైకి వెళ్లేది ఎన్.హెచ్. 5. 2010లో నంబర్లు మార్చి 65, 16 చేశారు. నాన్న ఇప్పటికీ తొమ్మిది, అయిదు అనే అంటాడు. హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా రెండు వరసల రోడ్డే. ఎదురుగా లారీ, వెనక బస్సు, మధ్యలో మా ఓమ్నీ. విజయవాడ తర్వాత స్వర్ణ చతుర్భుజి పనులు నడుస్తుండేవి. కొంత దూరం నాలుగు వరసలు, కొంత దూరం మట్టి దిబ్బలు, డైవర్షన్ బోర్డులు. ఒక్కరోజులో చేరేవాళ్లం కాదు. తుని దగ్గర ఏదో పెట్రోల్ బంకులో బండి ఆపి, పక్కన టార్పాలిన్ పరిచి పడుకుని, తెల్లారి మళ్లీ బయలుదేరేవాళ్లం.

ఇక్కడో మాట చెప్పాలి. పాత రోడ్డు ఎంత బాగుండేదో, చెట్లు ఎలా కమ్ముకునేవో అని మురిసిపోయే పోస్టులు చాలా చూస్తుంటాను. అవి రాసేవాళ్లు రాత్రి పదకొండింటికి రెండు వరసల రోడ్డు మీద లారీ హెడ్‌లైట్లకి ఎదురెళ్లి ఉండరు. మేం దారిలో ఎన్ని బళ్లు బోల్తాపడి ఉండటం చూశామో లెక్కలేదు. అలాంటప్పుడు అమ్మ మా కళ్లు మూసేది. నాకు కొత్త రోడ్డు మీద ఏ కోపమూ లేదు. నేను చెప్పాలనుకున్నది వేరే.

నాన్న స్టీరింగ్ పట్టుకోగానే వేరే మనిషి అయిపోయేవాడు. మొదట చౌటుప్పల్ దాకా మామూలే. తర్వాత మెల్లగా మొదలయ్యేది. కోదాడలో టీ కొట్టు దగ్గర ఆగాక ఇంకా పెరిగేది. ఆ కొట్టు ఆవిడ మమ్మల్ని గుర్తుపట్టి, "ఈసారి ఎంతమందిని కుక్కినవ్ అన్నా?" అని అడిగేది. విజయవాడలో దుర్గమ్మ కొండ కింద నుంచి వెళ్లేటప్పుడు కృష్ణలో రూపాయి బిళ్ల వేయించేవాడు. హనుమాన్ జంక్షన్‌లో ఆంజనేయస్వామికి బండిలోంచే దండం. ఏలూరు దాటాక అసలు కథలు.

ఆ కథలన్నీ ఒక్కో ఊరికి కట్టేసి ఉండేవి. తాడేపల్లిగూడెం వస్తే, పదిహేడేళ్ల వయసులో లారీ క్లీనర్‌గా మొదటిసారి జిల్లా దాటి వచ్చి, ఉల్లిపాయల మార్కెట్లో బస్తాల మీద పడుకున్న కథ. భీమడోలు వస్తే, ఒక భోగి ముందురోజు రాత్రి టైరు పేలితే పంక్చర్ కొట్టు అతను నిద్ర లేచి వచ్చి వేసి, డబ్బులు తీసుకోని కథ. "పండక్కి ఎల్తన్నావు, పిల్లలకి ఏదైనా కొను" అన్నాడట. తణుకు వస్తే, ఇంకెవరికీ చెప్పొద్దని అమ్మ కళ్లతో ఆపే ఒక కథ. సిద్ధాంతం దగ్గర వశిష్ఠ గోదావరి వంతెన, తర్వాత రావులపాలెం, ఆ తర్వాత జొన్నాడ దగ్గర గౌతమి వంతెన. గోదావరి ధవళేశ్వరం దగ్గర చీలిపోతుంది కాబట్టి ఆ రోడ్డులో నదిని రెండుసార్లు దాటాలి. రెండు వంతెనల మీదా రెండు బిళ్లలు. రావులపాలెంలో అరటిపళ్ల మార్కెట్ ముందు ఆగి ఒక గెల కొనేవాళ్లం. ఊరు చేరేసరికి గెలలో సగం మా కడుపులో ఉండేది. ఆత్రేయపురం పూతరేకులు కూడా అక్కడే అమ్మేవారు. అమ్మ ధర అడిగేది, నాన్న కొనేవాడు, ధర ఎక్కువని అమ్మ అన్నవరం దాకా అంటూనే ఉండేది.

జొన్నాడ వంతెన దాటాక కడియపులంక. రోడ్డుకి రెండువైపులా నర్సరీలు. ఇక్కడ నాన్న తప్పకుండా ఆగేవాడు. ప్రతి సంక్రాంతికీ ఒక్క మొక్క. ఒక ఏడు మామిడి అంటు, ఒక ఏడు సపోటా, ఒకసారి జామ, ఒకసారి అమ్మ పట్టుబట్టి కొనిపించిన సంపెంగ. ఆ మొక్క మిగతా దారంతా నా కాళ్ల మధ్య ఉండేది. తొమ్మిది మందిలో పదోది. ఊరు చేరాక భోగి మంటకంటే ముందు ఆయన చేసే పని ఆ మొక్కని మా పొలంలో పాతడం.

పొలం అంటే పెద్దగా ఏం లేదు. ఎకరం పాతిక సెంట్లు, కొబ్బరి, కాస్త జీడితోట. పక్కనే పెదనాన్నది అంతే. 2009లో అన్నదమ్ములు పంచుకున్నారు. పంచుకునేటప్పుడు గట్టు మీద ఉన్న ఒక పనసచెట్టు ఎవరిదన్న దగ్గర మాటా మాటా పెరిగింది. ఏం మాటలనుకున్నారో నాకు తెలీదు. నాన్న మాత్రం ఆ తర్వాత అన్నయ్య గడప తొక్కలేదు. ఊరికెళ్తే అమ్మమ్మగారింట్లో దిగేవాళ్లం. నాన్న పొలానికెళ్లి మొక్క పాతి, రెండు బిందెలు నీళ్లు పోసి, వచ్చేసేవాడు.

ఆలోచించండి. ఇసక నేల. జనవరిలో మొక్క పాతి హైదరాబాద్ వచ్చేస్తే మళ్లీ వెళ్లేది ఏడాదికి. మొక్క బతకాలా? బతికేది. ప్రతి ఏడూ వెళ్లి చూస్తే చుట్టూ పాదు కట్టి, మేకలు తినకుండా ముళ్లకంప వేసి ఉండేది. ఎవరు నీళ్లు పోశారని నాన్న ఎవర్నీ అడగలేదు. పోసినవాళ్లూ చెప్పలేదు. తిరుగు దారిలో మాత్రం, నరసన్నపేట దగ్గరో ఎక్కడో, "మీ పెదనాన్నకి చిన్నప్పట్నించీ పాదు గుండ్రంగా కట్టడం రాదు" అనేవాడు. మాకు అంతే వినపడేది. అమ్మ మాత్రం కిటికీ వైపు తిరిగి నవ్వుకునేది.

2018 అక్టోబర్ 11. తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. అప్పుడు నేను హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరి కొన్ని నెలలే. ఊళ్లో ఎవరికి ఫోన్ చేసినా కలవట్లేదు. కరెంటు లేదు, టవర్లు లేవు. వాట్సాప్‌లో మేం పంపిన మెసేజ్‌లన్నీ ఒక్క టిక్కు దగ్గరే ఆగిపోయాయి. ఆ ఒక్క టిక్కుని రెండు రోజులు చూస్తూ కూర్చోవడం ఎలా ఉంటుందో చెప్పలేను. నాన్న ఇంట్లో ఏం మాట్లాడలేదు. శుక్రవారం రాత్రి కారు తాళాలు తీసుకున్నాడు. అప్పటికి ఓమ్నీ పోయి పాత వ్యాగనార్ వచ్చింది. "నేనూ వస్తాను నాన్నా" అన్నాను. సరేనని తలూపాడు.

ఆ దారిలో మాత్రం నాన్న మాట్లాడలేదు. నా జీవితంలో మొదటిసారి. కోదాడ టీ లేదు. కృష్ణలో బిళ్ల లేదు. కడియపులంకలో ఆగలేదు. విశాఖపట్నంలో కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, బిస్కెట్ ప్యాకెట్లు, నీళ్ల క్యాన్లు, రెండు టార్పాలిన్లు కొన్నాం. టెక్కలి దాటాక రోడ్డుకి అడ్డంగా పడిన చెట్లని కోసి పక్కకి లాగేసిన గుర్తులు. పలాస దాటాక కొబ్బరిచెట్లు. కొన్ని వేళ్లతో సహా పడిపోయాయి, కొన్ని నడుం దగ్గర విరిగాయి, నిలబడ్డవాటికి మట్టలు ఒకే వైపు తిరిగిపోయి ఉన్నాయి, ఎవరో దువ్వినట్టు. కొబ్బరిచెట్టు పాతిన మర్నాడు కాయదు కదా. మా దగ్గర వేసే దేశవాళీ రకం కాపుకి రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది. చుట్టుపక్కల ఊళ్లలో పెద్దవాళ్లు పడిన చెట్టు పక్కన కూర్చుని ఉన్నారు. ఏం చేయాలో తెలీక, ఊరికే.

పొలం దగ్గర కారు ఆపాం. పెదనాన్న అక్కడే ఉన్నాడు. భుజం మీద తువ్వాలు, చేతిలో కత్తి. తొమ్మిదేళ్ల తర్వాత అన్నదమ్ములు ఎదురుపడ్డారు. నేను ఏదో పెద్ద సన్నివేశం జరుగుతుందని ఊపిరి బిగబట్టాను. పెదనాన్న నాన్నని చూసి, "గట్టు మీద పనస పడిపోయింది రా" అన్నాడు. నాన్న అటు తిరిగి చూశాడు. "పడిపోతే మంచిదే" అన్నాడు. అంతే. ఇద్దరూ వెళ్లి దాని కొమ్మలు కొట్టడం మొదలుపెట్టారు. మధ్యాహ్నానికి చెట్టు లేదు, గట్టు మీద ఏ గొడవా లేదు. ఆ రాత్రి తొమ్మిదేళ్ల తర్వాత పెదనాన్న ఇంట్లో పడుకున్నాం. పైకప్పు సగం లేదు కాబట్టి మేం తెచ్చిన టార్పాలిన్ కింద.

నాన్న తెచ్చిన నర్సరీ మొక్కల్లో సపోటా ఒక్కటి నిలబడింది. పొట్టిది కదా, గాలికి అందలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నాన్నకి ఇప్పుడు 64. షుగరు, రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్. రాత్రిపూట బండి నడపొద్దని డాక్టర్ చెప్పారు. 2022 నుంచి నేనే నడుపుతున్నాను. ఆయన ఎడమ సీట్లో కూర్చుంటాడు, అమ్మ వెనకాల. రోడ్డు మారిపోయింది. ఫాస్టాగ్ 2021 ఫిబ్రవరి నుంచి తప్పనిసరి చేశారు కాబట్టి, పండగ రోజులు తప్ప టోల్‌గేట్ల దగ్గర పెద్దగా ఆగే పనిలేదు. పొద్దున్న బయలుదేరితే రాత్రి భోజనానికి ఊళ్లో ఉంటాం. మా తుని పెట్రోల్ బంకు పరుపులు ఎవరికీ అక్కర్లేదు.

రెండేళ్లు అలా వెళ్లొచ్చాక ఒకటి గమనించాను. నాన్న దారిలో కూడా మాట్లాడట్లేదు. వయసేమో అనుకున్నాను. డ్రైవింగ్ చేతిలో లేదన్న బాధేమో అనుకున్నాను. కొంచెం అదీ ఉంటుంది. నేను ఓవర్‌టేక్ చేసినప్పుడల్లా ఆయన కుడికాలు లేని బ్రేకుని తొక్కుతుంది. ఒకసారి, ఆయన పాత కథల్ని దాచుకుందామని ఫోన్‌లో రికార్డింగ్ పెట్టాను. రేడియోలో వార్తలు చదివినట్టు, "అందరికీ నమస్కారం, నేను 1996వ సంవత్సరంలో" అని మొదలుపెట్టి రెండు నిమిషాల్లో ఆపేశాడు. కాబట్టి మీలో ఎవరైనా మీ నాన్నతో పాడ్‌కాస్ట్ చేద్దామనుకుంటుంటే, మా ఇంట్లో అది నడవలేదని ముందే చెప్తున్నాను.

తర్వాత మ్యాప్ చూస్తుంటే అర్థమైంది. ఏలూరు దాటాక గుండుగొలను దగ్గర రోడ్డు చీలుతుంది. ఇప్పటి 16వ నంబర్ హైవే అక్కడి నుంచి దేవరపల్లి, కొవ్వూరు మీదుగా వెళ్లి, ధవళేశ్వరానికి ఎగువన గోదావరిని ఒక్కసారే దాటేస్తుంది. తాడేపల్లిగూడెం, తణుకు, సిద్ధాంతం, రావులపాలెం, జొన్నాడ, కడియపులంక, ఇవన్నీ ఇప్పుడు 216ఎ అనే వేరే నంబర్ రోడ్డు. మ్యాప్ ఎప్పుడూ మనల్ని అటు పంపదు. అలాగే అనకాపల్లి నుంచి సబ్బవరం, పెందుర్తి మీదుగా ఆనందపురానికి ఆరు వరసల బైపాస్. గాజువాక లేదు, ఎన్.ఎ.డి. జంక్షన్ లేదు, విశాఖపట్నమే లేదు. టైం చాలా మిగులుతుంది. కానీ నాన్న కథలున్న ఊళ్లలో సగం దారిలోంచి తప్పుకున్నాయి. దేవరపల్లి దగ్గర ఆయన ఏం చెప్తాడు? అక్కడ ఆయనకి టైరు పేలలేదు, ఎవరూ టీ ఇవ్వలేదు, ఎవరితోనూ గొడవపడలేదు.

పోయిన సంక్రాంతికి గుండుగొలను దగ్గర నేను పాత రోడ్డు వైపు తిప్పాను. ఫోన్‌లో ఆవిడ వెనక్కి తిరగమని, మళ్లీ మళ్లీ తిరగమని చెప్తూనే ఉంది. నాన్న తల తిప్పి, "ఏటే, ఇటు తిప్పీసినావు?" అన్నాడు.

"మొక్క కొనాలి కదా నాన్నా" అన్నాను.

కాసేపు ఏం లేదు. తాడేపల్లిగూడెం బోర్డు కనపడింది. "ఇక్కడ ఉల్లిపాయల బస్తాల మీద పడుకునేవోణ్ణి, నీకు చెప్పేనా?" అన్నాడు. నలభైసార్లు చెప్పాడు. "లేదు నాన్నా" అన్నాను. వెనకాల అమ్మ నిద్ర నటించడం అద్దంలో కనపడింది.

రావులపాలెం అరటిపళ్లు, రెండు వంతెనలు, రెండు బిళ్లలు అన్నీ అయ్యాయి. కడియపులంకలో ఆగాం. నాన్న మొక్కల వరసల మధ్య చాలాసేపు తిరిగి ఒక ఉసిరి తీసుకున్నాడు. డబ్బులిచ్చి కారెక్కాక అన్నాడు, "ఇది మీ అక్కకి."

అక్క అంటే పెదనాన్న కూతురు. పెదనాన్న 2022లో పోయాడు. ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి మీరు వినే ఉంటారు. అంతమందికి ఎందుకు వస్తుందో, కారణం ఇదీ అని ఎవరూ పూర్తిగా తేల్చలేకపోయారు. చివరి రెండేళ్లు పెదనాన్నని వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి తీసుకెళ్లింది అక్కే. బావ పోయాక పుట్టింటికి వచ్చి అక్కడే ఉండిపోయింది. వాళ్ల పొలం, మా పొలం రెండూ తనే చూస్తోంది. తిత్లీ తర్వాత వేసిన కొబ్బరి మొక్కలన్నిటికీ నీళ్లు పోసింది తనే.

వేమగిరి దగ్గర నాన్న చెప్పాడు. తన వాటా పొలం అక్క పేరున రాసేద్దామని ఉందట. పత్రాలు రాసే ఆయన్ని అడిగితే, తాతల నాటి ఆస్తి కాబట్టి పిల్లల సంతకాలు ఉండాలన్నాడట. తమ్ముడు బెంగళూరు నుంచి ఫోన్‌లోనే సరే అన్నాడట. ఇక నేను.

ఇది వినే అమ్మాయిలకి ఒక మాట. పూర్వీకుల ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికీ హక్కు ఉంది. ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 1986 చట్టంతో మన రాష్ట్రంలో అప్పటికి పెళ్లికాని కూతుళ్లకి ఇచ్చారు, 2005లో దేశమంతా కూతుళ్లందరికీ వచ్చింది. కాబట్టి ఇంట్లో ఎవరైనా కాగితం పెట్టి ఇక్కడ సంతకం పెట్టమ్మా అంటే, అది ఏ కాగితమో చదివే పెట్టండి. మా నాన్న అలా పెట్టలేదు, అడిగాడు. అడగడానికి ఆయనకి ఆ రోడ్డు కావాల్సివచ్చింది.

నాకు కోపం వచ్చింది. నిజమే చెప్తున్నాను. ఆ పొలంలో నేను ఒక్క బిందె నీళ్లు పోసింది లేదు. దాని మీద వచ్చే డబ్బు నాకేం అక్కర్లేదు. అయినా కోపం వచ్చింది. ఆఫీసులో ఎవరైనా మీదే ఊరు అని అడిగితే నేను సోంపేట అని చెప్తాను. పుట్టింది, చదివింది హైదరాబాద్‌లో. ఆ ఎకరం పాతిక సెంట్లు లేకపోతే ఏ ధైర్యంతో సోంపేట అని చెప్పాలి?

"మరి నాకేం మిగుల్తుంది నాన్నా?" అన్నాను.

నాన్న ఏం అనలేదు. రాజానగరం పోయింది. జగ్గంపేట పోయింది. నేను కాస్త స్పీడుగానే నడుపుతున్నాను, ఆయన కుడికాలు బ్రేకు తొక్కుతూనే ఉంది. అన్నవరంలో రోడ్డు పక్కన ప్రసాదం కౌంటర్ దగ్గర ఆపాను. విస్తరాకు పొట్లం విప్పితే ఆ గోధుమనూక, నెయ్యి వాసన కారంతా నిండింది. నాన్నకి షుగరని అమ్మ వేలితో కొలిచి కొంచెమే పెట్టింది. ఆయన అది నోట్లో వేసుకుని అప్పుడు అన్నాడు.

"మనం ఊరెల్తే ఎక్కడ దిగుతన్నాం? అక్కింట్లోనే గదా. దానికి ఏటీ లేకపోతే అది కూడా ఏ హైదరాబాదో వచ్చీసి పనిలో చేరిపోద్ది. అప్పుడు మనం ఎవలింటికి ఎల్తామే?"

నా దగ్గర జవాబు లేదు. ప్రసాదం తిన్నాను. ఇంకో పొట్లం కొన్నాను. తుని దగ్గరికి వచ్చాక, "సపోటా చెట్టు ఉన్న అయిదు సెంట్లు మాత్రం నాకుంచు" అన్నాను.

నాన్న మొదట నా వైపు చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. ఆయన అలా నవ్వడం చూసి చాలా ఏళ్లయింది, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "పనసచెట్టు దగ్గర మీ పెదనాన్న కూడా ఇలాగే పట్టుబట్టేడే" అన్నాడు. వెనకాల నుంచి అమ్మ, ఇప్పటిదాకా నిద్రపోతున్న అమ్మ, "మీరు పట్టలేదా మరి?" అంది.

ఊరు చేరేసరికి రాత్రి పదయింది. అక్క గుమ్మంలో ఉంది. "ఏటమ్మా, ఇంతసేపా? పాత రోడ్డు మీద వచ్చినారా ఏటి?" అంది. ఉసిరి మొక్క తీసుకుని నేరుగా నీళ్ల తొట్టి దగ్గర పెట్టింది.

ఫిబ్రవరిలో మళ్లీ వెళ్లి సోంపేటలో సంతకాలు పెట్టాం. సపోటా సంగతి నేను ఎత్తలేదు. అక్కే ఎత్తింది. నాన్న చెప్పేశాడు అన్నమాట. "ఆ అయిదు సెంట్లు దాని పేరనే ఉంచు చిన్నాన్నా, చెట్టు దాని కాళ్ల కాడే కదా వచ్చింది" అంది. పత్రాలు రాసే ఆయన నెత్తి కొట్టుకున్నాడు. అయిదు సెంట్లు విడిగా చూపించాలంటే సర్వే చేయించాలి, హద్దులు రాయాలి, అదో పెద్ద పని అన్నాడు. సరే, ఆ కాస్తా వదిలేసి మిగతాది రాయించాం. సర్వేయర్ వస్తానన్నాడు. ఇప్పటికీ రాలేదు. సపోటా మాత్రం ఈ ఏడు బాగా కాసిందని అక్క ఫోటో పెట్టింది. దానికి రెండు నీలం టిక్కులు పడేలోపే నాన్న జూమ్ చేసి చూసి, పాదు గుండ్రంగా లేదన్నాడు.

మేం రేపు తెల్లవారుజామున మూడింటికి బయలుదేరుతున్నాం. పంతంగి దగ్గర కనపడితే చెయ్యి ఊపండి, తెల్ల కారు, ముందు అద్దం మీద దుర్గమ్మ స్టిక్కర్. ఈసారి ఏ మొక్క కొనాలో నాన్నని పొద్దున్నే అడిగాను. ఏం చెప్పలేదు. గుండుగొలను దాటాక చెప్తాడు.